బెలూన్‌కు పెట్టె కట్టి 30 కిలోమీటర్ల పైకి పంపాలంటే: మన ఆకాశానికి తగ్గ ఏర్పాట్లు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కర్నూలులో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మీరు నలుగురు, వాతావరణ బెలూన్‌కు ఒక థర్మాకోల్ పెట్టె కట్టి 30 కి.మీ. ఎత్తుకు పంపాలనుకుంటున్నారు. అక్కడ బెలూన్ పగిలాక పెట్టె పారాచూట్‌తో కిందికి దిగాలి. లోపల కెమెరా, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, కొన్ని సెన్సర్లు, సిమ్ ఉన్న పాత ఫోను ఒకటి. పెట్టె ఎక్కడ దిగిందో ఆ ఫోనే చెబుతుందని మీ ధీమా. ఏ కెమెరా కొనాలి, చలికి ఏం చేయాలి, అనుమతులు కావాలా అని అడిగారు.

మీరు చూసిన వీడియోలు దాదాపు అన్నీ ఇంగ్లండులోనో అమెరికాలోనో తీసినవి. వాటిలో చెప్పింది అబద్ధం కాదు. కానీ అది అక్కడి ఆకాశానికీ అక్కడి చట్టాలకూ సరిపోయే మాట. దక్కన్ మీద పైపొరల్లో చలి ఇంకా ఎక్కువ, గాలుల తీరు వేరు, వాడుకోదగ్గ రేడియోలు వేరు, అనుమతుల సంగతి పూర్తిగా వేరు. ఆ వీడియోలోని సామాను జాబితాను ఉన్నదున్నట్టు ఇక్కడ కొంటే కొన్నిచోట్ల డబ్బు వృథా అవుతుంది, ఒకటి రెండు చోట్ల పోలీసు కేసు కూడా అవుతుంది. అవి చెబుతూ వెళ్తాను.

మీ ప్రశ్నలో కెమెరా మొదట ఉంది, పెట్టెను వెతకడం చివర ఉంది. ఆ వరుస తిప్పేయండి. కెమెరా ఏదైనా ఫోటోలు తీస్తుంది. పెట్టె దొరక్కపోతే ఆ ఫోటోలు ఎక్కడో కంది చేలో మెమరీ కార్డులోనే ఉండిపోతాయి. డబ్బు, సమయం, శ్రద్ధ మూడూ ముందు ట్రాకర్ మీద, అంటే పెట్టె ఎక్కడుందో రేడియోలో చెప్పే పరికరం మీద పెట్టండి.

ఫోను మీద ఆధారపడొద్దు. సెల్ టవర్ల యాంటెన్నాలు నేలవైపు వంచి ఉంటాయి. రెండు మూడు కిలోమీటర్లు పైకి వెళ్లేసరికి సిగ్నల్ నిలకడగా ఉండదు, ఆపైన అసలే ఉండదు. తిరిగి దిగేసరికి చలికి బ్యాటరీ పడిపోయి ఫోను ఆగిపోయి ఉండొచ్చు. పనిచేస్తున్నా అది పడింది వంపులోనో వాగు పక్కనో అయితే సిగ్నల్ అందదు. రెండో ఆసరాగా పెట్టుకుంటే సరే, అదే దిక్కు అనుకుంటే మాత్రం పెట్టె మీద ఆశ వదులుకున్నట్టే.

ట్రాకర్‌లో మొదటిది జీపీఎస్. సాధారణ రిసీవర్లకు 18 కి.మీ. ఎత్తు, సెకనుకు 515 మీటర్ల వేగం అని రెండు హద్దులుంటాయి. క్షిపణుల్లో వాడకుండా పెట్టిన ఎగుమతి ఆంక్షల వల్ల వచ్చినవి ఇవి. కొందరు తయారీదారులు రెండూ కలిపి దాటితేనే రిసీవర్‌ను ఆపుతారు, కొందరు ఏ ఒక్కటి దాటినా ఆపేస్తారు. మన బెలూన్ ఆ వేగం దరిదాపులకు కూడా పోదు. సెకనుకు 5 మీటర్ల చొప్పున ఎక్కితే ఎత్తు హద్దును మాత్రం సరిగ్గా గంటకు దాటేస్తుంది. ఏ ఒక్కటి దాటినా ఆగిపోయే రకం మీ చేతికొస్తే, అక్కడి నుంచి బెలూన్ పగిలి మళ్లీ 18 కి.మీ. కిందికి వచ్చేదాకా అది ఎక్కడుందో మీకు తెలియదు.

యూబ్లాక్స్ కంపెనీ జీపీఎస్ మాడ్యూళ్లు, అంటే నియో-6ఎమ్, మ్యాక్స్-ఎమ్8 లాంటివి, 50 కి.మీ. వరకు పనిచేస్తాయి. అయితే కొన్నప్పుడు అవి పోర్టబుల్ మోడ్‌లో ఉంటాయి, ఆ మోడ్‌కు హద్దు 12 కి.మీ. మాత్రమే. ఆన్ కాగానే సీఎఫ్‌జీ-నావ్5 ఆదేశం పంపి 6వ నంబరు మోడ్‌కు, అంటే ఎయిర్‌బోర్న్ మోడ్‌కు మార్చాలి. ఇక్కడే చాలామంది ఒక మెట్టు వదిలేస్తారు. ప్రోగ్రాం మొదట్లో ఒకసారి ఆదేశం పంపి ఊరుకుంటారు. మధ్యలో కరెంటు ఒక్క క్షణం తగ్గి జీపీఎస్ రీసెట్ అయితే అది మళ్లీ పాత మోడ్‌లోకి పోతుంది. అందుకని నిమిషానికోసారి ఆదేశం మళ్లీ పంపండి, ఏ మోడ్‌లో ఉన్నావని మాడ్యూల్‌నే అడగండి, ఆ వచ్చిన అంకెను కిందికి పంపే ప్రతి సందేశంలో చేర్చండి. నేల మీద స్క్రీన్‌లో 6 కనిపిస్తుంటే నిశ్చింతగా ఉండొచ్చు. చౌక బోర్డుల్లో నకిలీ చిప్‌లు కూడా వస్తున్నాయి. అవి ఆదేశాన్ని తీసుకున్నట్టే ఉంటాయి, మోడ్ మాత్రం మార్చవు. అడిగి సరిచూసుకుంటే ఆ సంగతి కూడా ఇంట్లోనే బయటపడుతుంది.

ఇంకో విషయం. యాక్షన్ కెమెరాలు, ఫోన్లు వెదజల్లే రేడియో రొద జీపీఎస్ యాంటెన్నాను ముంచేస్తుంది. కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు 10 ఉపగ్రహాలు దొరికి, ఆన్ చేయగానే 4కు పడిపోవడం మీ బల్ల మీదే చూడొచ్చు. అందుకే ట్రాకర్‌కు ఒక చిన్న పెట్టె, కెమెరాకు ఇంకో పెట్టె చేసి, ఒకే తాడు మీద మీటరో రెండు మీటర్లో ఎడంగా కట్టమంటాను. బ్యాటరీలు కూడా వేరువేరుగానే ఉండాలి. కెమెరా వల్ల వచ్చిన ఏ ఇబ్బందీ ట్రాకర్‌ను తాకకూడదు.

రేడియో విషయంలో వీడియోలు మిమ్మల్ని పక్కదారి పట్టిస్తాయి. అమెరికాలో చాలామంది ఉపగ్రహ మెసెంజర్ ఒకటి పెట్టెలో పడేసి, అది ఇంటర్నెట్‌కు పంపే లొకేషన్ చూసుకుంటూ కారులో వెళ్తారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటి ఉపగ్రహ పరికరాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. వాటితో దిగిన విదేశీ పర్యాటకులు విమానాశ్రయాల్లో అరెస్టయిన సందర్భాలున్నాయి. విదేశాల నుంచి బంధువులెవరైనా తెస్తామన్నా వద్దని చెప్పండి.

మీకున్న మంచి దారి లోరా, అంటే తక్కువ విద్యుత్తుతో చిన్న సందేశాలను చాలా దూరం పంపే రేడియో పద్ధతి. మన దగ్గర 865–868 మెగాహెర్ట్జ్ మధ్య, 1 వాట్ లోపు ట్రాన్స్‌మిటర్‌కు, 200 కిలోహెర్ట్జ్ లోపు బ్యాండ్‌విడ్త్‌కు (సిగ్నల్ ఆక్రమించే వెడల్పుకు) లైసెన్సు అక్కర్లేదు. ఎస్‌ఎక్స్1276 చిప్ ఉన్న 868 మాడ్యూల్ కొని 866కు ట్యూన్ చేసుకోవచ్చు. బ్రిటిష్ హాబీదారుల సర్క్యూట్లలో కనిపించే 434 మాడ్యూల్ కొనకండి, ఆ ఫ్రీక్వెన్సీ ఈ హద్దుల్లో లేదు. 250 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పెట్టకండి, అది హద్దు దాటుతుంది.

ఈ మాడ్యూల్ పంపే 100 మిల్లీవాట్లు చాలవేమోనని భయం అక్కర్లేదు, లెక్క వేసి చూడండి. 866 మెగాహెర్ట్జ్ దగ్గర 200 కి.మీ. దూరానికి సిగ్నల్ నష్టం సుమారు 137 డెసిబెళ్లు. 100 మిల్లీవాట్లంటే సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్కలో 20 డీబీఎమ్, కాబట్టి కింద అందేది మైనస్ 117 డీబీఎమ్. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సందేశాన్ని ఎంత సాగదీసి పంపాలో చెప్పే లోరా సెట్టింగు) 9, బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్ పెడితే రిసీవర్ మైనస్ 129 దాకా వినగలదు, అంటే ఇంకా 12 డెసిబెళ్ల వెసులుబాటు ఉంది. చేతిలో ఒకే దిక్కుకు గురిపెట్టే చిన్న యాగీ యాంటెన్నా ఉంటే ఇంకో 8 డెసిబెళ్లో 10 డెసిబెళ్లో కలిసొస్తాయి. 30 కి.మీ. ఎత్తు నుంచి దిగంతం 600 కి.మీ. పైనే ఉంటుంది, కాబట్టి కొండలూ చెట్లూ అడ్డురావు. గాలిలో ఉన్నంతసేపు రేడియో సమస్య కాదు.

బ్యాండ్‌విడ్త్ తగ్గిస్తే ఇంకా దూరం వస్తుంది కదా అని 20.8 కిలోహెర్ట్జ్‌కు దించే వాళ్లుంటారు. ఆ పని చేయకండి. చలికి, రేడియో లయను పట్టి ఉంచే క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. పది లక్షల్లో 10 వంతులు జరిగినా 866 దగ్గర అది 8.6 కిలోహెర్ట్జ్ అవుతుంది. లోరా తట్టుకునేది బ్యాండ్‌విడ్త్‌లో నాలుగో వంతు వరకే, అంటే 20.8కు 5.2 మాత్రమే. ఇంట్లో చక్కగా పనిచేసిన లింకు సరిగ్గా చలి ముదిరినచోట తెగిపోతుంది. 125 పెడితే 31 కిలోహెర్ట్జ్ దాకా వెసులుబాటు ఉంటుంది.

యాంటెన్నా పెట్టె కింద నిలువుగా వేలాడాలి. 866కు పావు తరంగం అంటే 8 సెంటీమీటర్ల పైచిలుకు తీగ, దాని మొదట్లో అంతే పొడవున్న నాలుగు తీగలు పక్కలకు చాచితే సరిపోతుంది. మీలో ఒక్కరైనా హ్యామ్ (హాబీ రేడియో) లైసెన్సు తీసుకుంటే మరీ మంచిది. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, అక్కడివాళ్లు పరీక్షకు దారి చూపిస్తారు. లైసెన్సు మాట అటుంచి, వెతుకులాట రోజున రేడియో తెలిసిన మనిషి పక్కన ఉండటం పెద్ద బలం.

ఎందుకంటే అసలు కష్టం నేలకు దగ్గరయ్యాకే మొదలవుతుంది. 200 కి.మీ. నుంచి వినిపించిన అదే ట్రాకర్, పత్తి చేలో పడ్డాక కిలోమీటరు దూరానికి కూడా వినిపించకపోవచ్చు. కాబట్టి చివరి సందేశం ఎంత కింద నుంచి అందితే అంత మంచిది. పెట్టె 500 మీటర్ల ఎత్తులో ఉండగా లింకు తెగిందనుకోండి. సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగడానికి 100 సెకన్లు. గాలి సెకనుకు 8 మీటర్లుంటే ఆ కాస్త సమయంలో 800 మీటర్లు జరుగుతుంది. అది వెతకగలిగే దూరమే. అదే 3 కి.మీ. ఎత్తులో తెగితే ఊళ్లకు ఊళ్లు వెతకాలి. అందుకే కారు బెలూన్ వెనకాల కాదు, అది దిగబోయే చోటికి ముందే చేరుకుని ఉండాలి.

ఇప్పుడు చలి. బ్రిటన్ మీద ట్రోపోపాజ్, అంటే పైకి పోయేకొద్దీ పెరిగే చలి ఆగే పొర, 11 కి.మీ. దగ్గర ఉంటుంది, అక్కడ మైనస్ 55, మైనస్ 60 డిగ్రీలు. ఉష్ణమండలంలో వేడిగాలి ఇంకా పైదాకా లేస్తుంది, లేచేకొద్దీ వ్యాకోచించి చల్లబడుతూనే ఉంటుంది. అందువల్ల మన దగ్గర ఆ పొర 16–17 కి.మీ. దాకా పోతుంది, అక్కడ చలి మైనస్ 80కి చేరుతుంది. ఎండలు మండే కర్నూలు నెత్తిన, లండన్ నెత్తిన ఉన్నదానికంటే 20 డిగ్రీల ఎక్కువ చలి ఉందంటే మొదట ఎవరూ నమ్మరు. నా మాట మీద నమ్మక్కర్లేదు. భారత వాతావరణ శాఖ హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం నుంచి, గాలి కొలతలు తీసి రేడియోలో పంపే రేడియోసోండ్ బెలూన్లు పంపుతుంది. ఆ కొలతలు వయోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. స్టేషన్ నంబర్లు వరుసగా 43128, 43150, 43185. ఏ ఎత్తులో ఎంత చలి, ఏ దిక్కు గాలి, ఎంత వేగం, అన్నీ పట్టికలో ఉంటాయి. మీరు ఎగరేయాలనుకుంటున్న నెలకు గత ఏళ్ల పట్టికలు తీసి గ్రాఫ్ గీయండి. ప్రాజెక్టులో మొదటి వారం పని ఇదే కావాలి.

12 కి.మీ. నుంచి 20 కి.మీ. దాకా ఎక్కడానికి అరగంటకు కాస్త తక్కువ పడుతుంది. ఆ అరగంట తట్టుకుంటే చాలు, ఆ పైన ఓజోన్ వల్ల మెల్లగా వేడెక్కుతుంది. 25–30 మిల్లీమీటర్ల మందం థర్మాకోల్, సందుల్లేకుండా టేపు, లోపల ఖాళీ లేకుండా దూది గానీ ఫోమ్ గానీ ఉంటే చాలు. ఇక్కడ ఇంకో వైపు కూడా చూడాలి. 30 కి.మీ. దగ్గర గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు పైచిలుకే. వేడిని మోసుకుపోయే గాలి లేదు, పైగా నేరుగా ఎండ. ఎక్కువ వేడి పుట్టించే కెమెరాను మందపాటి పెట్టెలో బిగిస్తే అది చలికి కాదు, వేడికి ఆగిపోతుంది. హీటర్ ప్యాడ్లు పెట్టమనే సలహాలు పట్టించుకోకండి. ఇనుపరజను ప్యాడ్లు ఆక్సిజన్ ఉంటేనే పనిచేస్తాయి, పైన అది దొరకదు.

బ్యాటరీకి ఒకటే సమాధానం: లిథియం ఏఏ సెల్స్, ఎనర్జైజర్ ఎల్91 రకం. ఒక్కోటి 15 గ్రాములు, మైనస్ 40 దాకా పనిచేస్తుందని తయారీదారులే రాస్తారు. ఆల్కలైన్ సెల్స్ మైనస్ 20 దగ్గరే చతికిలబడతాయి. మూడు సెల్స్ వరుసగా కట్టి, సగటున 80 మిల్లీయాంపియర్లు వాడితే ఒకటిన్నర రోజు వస్తుంది. ప్రయాణం మూడు గంటలే కదా అనకండి. ఆ మిగతా సమయం మీరు వెతికేటప్పుడు పెట్టె పిలుస్తూ ఉండటానికి.

పరీక్షకు ఇంట్లో ఫ్రిజ్ చాలదు, అది మైనస్ 18 దగ్గరే ఆగుతుంది. డ్రై ఐస్ తెచ్చుకోండి. దాని ఉష్ణోగ్రత మైనస్ 78, అచ్చం మన ట్రోపోపాజ్ లెక్కే. పెద్ద థర్మాకోల్ డబ్బాలో డ్రై ఐస్ పోసి, ట్రాకర్ పెట్టెను నడుస్తుండగానే అందులో 40 నిమిషాలు ఉంచండి. గది తలుపులు, కిటికీలు తెరిచే ఉండాలి, కార్బన్ డయాక్సైడ్ ఊపిరాడనివ్వదు. చేతికి మందపాటి గ్లవ్స్ తప్పనిసరి. తీశాక వెంటనే ఆపేయకుండా మామూలు గాలిలో ఇంకో గంట నడవనివ్వండి. గడ్డకట్టిన పెట్టె మన తేమ గాలిలోకి దిగినప్పుడు బోర్డు మీద నీళ్లు పడతాయి. చాలా ట్రాకర్లు పైన కాదు, చివరి ఐదు కిలోమీటర్లలో ఈ తడికి షార్ట్ అయి ఆగిపోతాయి. బోర్డుకు తడి అంటకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ పూయండి, కెమెరా దగ్గర సిలికా జెల్ సంచులు పెట్టండి.

మీ సెన్సర్ల జాబితా చూశాను, రెండు మార్చాలి. గాలి పీడనాన్ని బీఎంపీ280 కొలిచేది 300 హెక్టోపాస్కల్స్ దాకానే, అంటే 9 కి.మీ. ఎత్తు. ఆ పైన అది ఇచ్చే అంకెలకు అర్థం లేదు. ఎంఎస్5611 తీసుకోండి, అది 10 హెక్టోపాస్కల్స్ దాకా కొలుస్తుంది. ఉష్ణోగ్రత కొలిచే డీహెచ్‌టీ11 సున్నా కింద పనిచేయదు. దాని బదులు అందరూ చెప్పే డీఎస్18బీ20 హద్దు మైనస్ 55, లండన్‌కు దాదాపు సరిపోతుంది గానీ మనకు చాలదు. బయటి ఉష్ణోగ్రతకు పీటీ100 (ప్లాటినం సెన్సర్) గానీ మంచి థర్మిస్టర్ గానీ వాడి, ఎండ తగలకుండా నీడ కల్పించండి.

ఫోటోలకు మించి ఏదైనా చేయాలని రాశారు, ఆ మాట నాకు చాలా నచ్చింది. అయితే రేడియేషన్ కణాలను లెక్కపెట్టే గైగర్ ట్యూబ్ పెట్టండి. పైకి వెళ్లేకొద్దీ లెక్క పెరుగుతూ పోయి, ఒక ఎత్తు దాటాక మళ్లీ తగ్గుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కణాలు గాలిని ఢీకొని పుట్టించే కణాల వాన అక్కడ అత్యధికం. మన దగ్గర ఆ లెక్క అమెరికా బృందాలకు వచ్చినంత రాదు. భూమధ్యరేఖకు దగ్గరగా భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను లోపలికి రానివ్వదు. దక్షిణ భారతంలో ఆ అడ్డు సుమారు 17 గిగావోల్టులు, ప్రపంచంలోనే ఎత్తైనవాటిలో ఒకటి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర నడుపుతున్న బెలూన్ కేంద్రానికి ఇది పెద్ద వరం. ఈ కాస్మిక్ కణాల రొద తక్కువ కాబట్టే ఇక్కడి నుంచి టెలిస్కోపులు ఎగరేయడం లాభం. 2005లో అక్కడి నుంచే ఎగిరిన ఒక బెలూన్ 20 నుంచి 41 కి.మీ. మధ్య గాలిని పట్టి తెచ్చింది. అందులో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. గైగర్ లెక్కలతో మీరు గీసిన గ్రాఫ్‌ను విదేశీ బృందాల గ్రాఫ్ పక్కన పెట్టి ఆ తేడా చూపిస్తే అది నిజమైన భౌతికశాస్త్రం.

గైగర్ ట్యూబ్‌కు 400 వోల్టులు కావాలి. పలుచని గాలిలో విద్యుత్తు తేలిగ్గా దూకుతుంది. నేల మీద ఏమీ కాని చిన్న ఎడం, 30 కి.మీ. దగ్గర మెరుపులు చిమ్మొచ్చు. ఆ భాగమంతా ఎలక్ట్రానిక్స్‌కు వాడే సిలికాన్‌తో కప్పేయండి. పుల్లటి వాసన వచ్చే బాత్రూం సిలికాన్ వద్దు, అది రాగిని తినేస్తుంది.

గ్యాసు లెక్క చిన్నదే. 1200 గ్రాముల లేటెక్స్ బెలూన్, తాడు పారాచూట్ అన్నీ కలిపి 1 కిలో సరుకు అనుకుంటే, సెకనుకు 5 మీటర్ల వేగానికి సుమారు 3.1 ఘనపు మీటర్ల హీలియం కావాలి. 7 ఘనపు మీటర్ల సిలిండర్‌లో సగం కూడా పట్టదు. మూతి దగ్గర ఎత్తే బలం 2 కిలోలకు దగ్గరగా రావాలి. నీళ్లు పోసి 2 కిలోలకు తూచిన సీసాను మూతికి కట్టి, బెలూన్ దాన్ని సరిగ్గా నేల నుంచి లేపేదాకా నింపండి. తక్కువ నింపితే మెల్లగా ఎక్కుతుంది, ఇంకా తక్కువైతే పగలకుండా ఒక ఎత్తులో తేలుతూ వందల కిలోమీటర్లు పోతుంది. అది విమానాలకు కూడా ప్రమాదం. అనుమానం ఉంటే కొంచెం ఎక్కువ వైపే ఉండండి. హైడ్రోజన్ చౌక, వాతావరణ శాఖ వాడేదీ అదే, కానీ గాలిలో నూటికి 4 వంతులు కలిసినా అంటుకుంటుంది, దాని మంట పగటివేళ కంటికి కనిపించదు. అనుభవజ్ఞుడు పక్కన లేకుండా విద్యార్థులు దాన్ని ముట్టుకోవద్దు. లేటెక్స్‌ను కాటన్ గ్లవ్స్‌తోనే పట్టుకోండి. పారాచూట్ మీటరు వ్యాసం ఉంటే నేల దగ్గర సెకనుకు 5 మీటర్ల వేగం వస్తుంది. దాని గురించి అంతకంటే ఆలోచించాల్సింది లేదు.

గాలుల విషయంలో కర్నూలుకు ఒక చిక్కుంది. జనవరి, ఫిబ్రవరిలో 9 నుంచి 15 కి.మీ. మధ్య పడమటి గాలులు బలంగా ఉంటాయి. సెకనుకు 20 మీటర్ల గాలి ఉంటే ఎక్కేటప్పుడు 24 కి.మీ., దిగేటప్పుడు ఇంకో 10 కి.మీ. దాకా తూర్పుకు నెడుతుంది, మిగతా పొరల జరుగుడు దీనికి అదనం. కర్నూలు నుంచి తూర్పుకంటే నల్లమల. పెట్టె పులుల అభయారణ్యంలోనో శ్రీశైలం జలాశయంలోనో పడితే ఇక మర్చిపోవాలి, అడవిలోకి వెతకడానికి వెళ్లకూడదు కూడా. కాబట్టి ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వదలండి. అప్పుడు కోతలైన పొలాల్లో, చెట్లు తక్కువున్నచోట దిగే అవకాశం ఎక్కువ. వానాకాలంలో కథ తిరగబడుతుంది. కింద పడమటి గాలి, 14–16 కి.మీ. దగ్గర ఉష్ణమండల తూర్పు జెట్ దానికి ఎదురు. కానీ మబ్బులు, వానలు, పైరు నిండిన చేలు, బురద, అన్నీ అడ్డమే. జనవరి నుంచి మార్చి దాకా మంచిది. సోండ్‌హబ్ వెబ్‌సైట్‌లో, బెలూన్ ఎక్కడ దిగుతుందో అంచనా వేసే ప్రిడిక్టర్ మొదట కేంబ్రిడ్జి విద్యార్థులు రాసింది. ముందు వారం రోజులు రోజూ దాన్ని నడపండి. దిగే చోటు రోజురోజుకీ గెంతుతుంటే ఆ వారం వాయిదా వేయండి.

అనుమతుల గురించి గట్టిగానే చెబుతున్నాను. అమెరికాలో చిన్న పేలోడ్‌లకు నిబంధనల్లోనే మినహాయింపు ఉంది, అందుకే ఆ వీడియోల్లో ఈ మాటే రాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వర్గీకరణలో 4 కిలోల లోపు సరుకు మోసే బెలూన్ తేలిక రకం. అందులోనూ ఒక్క పెట్టె 3 కిలోలకు చేరకూడదు, తాడు 230 న్యూటన్ల బలానికి తెగిపోవాలి. మీది ఆ హద్దుల్లోనే ఉంటుంది, డిజైన్‌ను అలాగే ఉంచండి. అంతమాత్రాన ఇక్కడ అడగకుండా ఎగరేయొచ్చని కాదు. మీ చుట్టూ ఓర్వకల్లు, శంషాబాద్, బళ్లారి వైపు విమాన మార్గాలు, బీదర్, దుండిగల్ వైమానిక స్థావరాలు ఉన్నాయి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ)కూ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ట్రాఫిక్ కంట్రోల్ విభాగానికీ నెలల ముందే రాయండి. తేదీ, సమయం, బరువు, ఎక్కే వేగం, ప్రిడిక్టర్ మ్యాపు జతచేయండి. పైలట్లకు ముందస్తు హెచ్చరికగా నోటామ్ వెలువడేలా చూడండి. జిల్లా ఎస్పీ, కలెక్టర్ కార్యాలయాలకు ప్రతులు ఇవ్వండి. హైదరాబాద్ బెలూన్ కేంద్రం వారినో, తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారినో మీ విభాగాధిపతి ద్వారా సలహా అడగండి. వాళ్లకు ఇది రోజువారీ పని. అనుమతి రాకపోతే ఎగరేయొద్దు. నేల మీద కట్టి ఉంచిన బెలూన్‌తో చేసే ప్రయోగానికి కూడా ముందు అడగండి.

చివరగా దిగిన ఊరు. 2022 డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఎగిరిన ఒక పెద్ద ప్రయోగ బెలూన్ క్యాప్సూల్ వికారాబాద్ జిల్లాలో పొలాల్లో దిగితే, ఆకాశం నుంచి ఏదో పడిందని ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చాయి. మీ పెట్టె చిన్నదే అయినా, తీగలూ యాంటెన్నా వేలాడుతూ, లైటు మిణుకుమంటూ కనిపిస్తే బాంబేమో అని ఎవరైనా భయపడతారు. అది వాళ్ల తప్పు కాదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, ఆదోని వైపు నుంచి వదులుతారు కాబట్టి కన్నడలో కూడా రాయండి: ఇది విద్యార్థుల వాతావరణ ప్రయోగం, ప్రమాదం లేదు, దయచేసి విప్పకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి. గైగర్ ట్యూబ్ పెడితే లోపల హై వోల్టేజ్ ఉందని కూడా రాయాలి. కాలేజీ పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు, అనుమతి పత్రం నంబరు అంటించండి. లైటు బదులు బజర్ పెట్టండి, మొక్కజొన్న చేలో అదే పనికొస్తుంది. దిగే ప్రాంతంలోని పోలీస్ స్టేషన్లకు ఎగరేసిన వెంటనే ఫోన్ చేసి చెప్పండి. చేలోకి వెళ్లే ముందు రైతును అడగండి, పైరు తొక్కితే నష్టం కట్టివ్వండి, తీసిన ఫోటోల్లో వాళ్ల ఊరు కనిపిస్తే ఒక ప్రింటు పంపండి.

ముందు పట్టికల పని, ట్రాకర్, డ్రై ఐస్ పరీక్ష కానివ్వండి. బెలూన్ అప్పటిదాకా కొనకండి, లేటెక్స్ నిల్వ ఉండేకొద్దీ పాడవుతుంది. సర్క్యూట్ డ్రాయింగ్, గ్రాముల్లో బరువుల పట్టిక, ఫిబ్రవరి గాలుల గ్రాఫ్ ఇక్కడే పెడితే చూసి చెబుతాను.